ఎక్కడ ఆగిందో చెప్పండి: నంగునూరు నుంచి కాలేజీకి వెళ్లేవాళ్లకు ప్రశ్న విప్పే పద్ధతి

డిగ్రీ, బీటెక్ మొదటి సంవత్సరం పిల్లల్ని "ఏం అర్థం కాలేదు?" అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "మూడో యూనిట్ మొత్తం సార్." యూనిట్ మొత్తం ఎవరికీ అర్థం కాకుండా పోదు. ఎక్కడో ఒక లైను దగ్గర ఆగిపోతాం. ఆ లైను ఏదో గుర్తుపట్టక యూనిట్ మీద నింద వేస్తాం. యూనిట్ మొత్తం అర్థం కాలేదంటే ఏ లెక్చరరైనా చేయగలిగింది ఒక్కటే, మళ్లీ మొదటి నుంచి అదే పాఠం చెప్పడం. ఫలానా లైను దగ్గర ఆగాను అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఆ లైనును పట్టుకోవడం ఎలాగో ఇక్కడ చూద్దాం. సైన్సు, ఇంజినీరింగు, కామర్సు, చరిత్ర, ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న తీసుకుందాం. వాటి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలోని నర్మెటలో బృహత్‌శిలాయుగపు సమాధులున్నాయి. అదే ఊళ్లో ఆయిల్‌ఫెడ్ పామాయిల్ ఫ్యాక్టరీ ఉంది. పొరుగున చిన్నకోడూరు మండలం చంద్లాపూర్‌లో రంగనాయకసాగర్ ఉంది. నాలుగు సబ్జెక్టులకూ ఈ మూడు చోట్లు చాలు.

మొదటి పని: పేపరు ఎవరిదో తెలుసుకోండి

సిలబస్ కాగితం దగ్గర లేకుండానే చదవడం మొదలుపెట్టేవాళ్లు మనలో చాలామంది. సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల అటానమస్. పట్టా ఉస్మానియా పేరు మీదే వచ్చినా పరీక్షలు పెట్టేది కాలేజీయే. కాబట్టి ఇంకో కాలేజీలో చదివే దోస్తు పంపిన పాత పేపర్లను కళ్లు మూసుకుని నమ్మొద్దు. మీ కాలేజీ పేపర్లు కనీసం మూడేళ్లవి సంపాదించండి. లైబ్రరీలో ఉంటాయి, లేకపోతే సీనియర్ అన్ననో అక్కనో అడిగితే దొరుకుతాయి.

జేఎన్‌టీయూహెచ్ కింద బీటెక్ చదివేవాళ్లు రెగ్యులేషన్ ఏదో కూడా చూసుకోవాలి. ఆర్18లో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75. ఆర్22లో అది 40, 60 అయింది. ఆర్18 పేపర్లో పార్ట్-ఎ 25 మార్కులు, ఆర్22లో 10. అంటే చిన్న ప్రశ్నల మీద ఆధారపడి గట్టెక్కే దారి ఇరుకైంది. మిడ్ పరీక్షల్ని, అసైన్‌మెంట్లను తేలిగ్గా తీసుకునే అలవాటుంటే మానుకోవాల్సిందే. సీనియర్ ఇచ్చిన మెటీరియల్ మంచిదే కావచ్చు. అట్ట మీద రెగ్యులేషన్ చూశాకే తెరవండి.

రెండో పని: క్రియ కింద గీత గీయండి

ప్రతి ప్రశ్నలో ఒక క్రియ ఉంటుంది. పేపరు పెట్టినవాళ్లు ఏం కావాలంటున్నారో చెప్పేది అదే. "డిఫైన్" అంటే రెండు మూడు లైన్ల నిర్వచనం. "ఎక్స్‌ప్లెయిన్" అంటే ఎలా, ఎందుకు. "డిరైవ్" అంటే మొదటి సమీకరణం నుంచి చివరి సమీకరణం దాకా మధ్యలో ఏ మెట్టూ ఎగ్గొట్టకుండా రావడం. "కంపేర్" అంటే రెండింటినీ ఒకే కొలమానం మీద పక్కపక్కన పెట్టడం. ముందు ఒకదాని గురించి పేజీ, తర్వాత రెండోదాని గురించి పేజీ రాస్తే అది పోలిక కాదు. "క్రిటికల్లీ ఎగ్జామిన్" అంటే వాదన ఏమిటి, దానికి ఆధారం ఎంత, లోటు ఎక్కడ అని తేల్చడం.

అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో చదువు లక్ష్యాల్ని ఇలాగే మెట్లు మెట్లుగా వర్గీకరించింది. ఇప్పుడు చాలా కాలేజీల ప్రశ్నపత్రాల్లో ప్రశ్న పక్కన ఎల్1, ఎల్2 అనో బీటీఎల్ అనో కనిపించే గుర్తులు ఆ వర్గీకరణవే. అవి అధికారుల కోసం అచ్చు వేసినవి అనుకుంటారు పిల్లలు. మనకూ పనికొస్తాయి. ఎల్1 అంటే జ్ఞాపకం సరిపోతుంది. ఎల్3, ఎల్4 అని ఉంటే బట్టీ పట్టింది పట్టినట్టు దింపితే మార్కులు రావని ముందే చెప్పేస్తున్నారన్నమాట.

గీత గీశాక ప్రశ్నను ఒక్క వాక్యంలో తెలుగులో రాసుకోండి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎంజైమ్, డిస్కౌంట్ రేటు లాంటి పారిభాషిక పదాల్ని అలాగే ఉంచి, మిగతాది ఇంట్లో మాట్లాడినట్టే రాయండి. అలా రాయలేకపోతే ప్రశ్న ఇంకా అర్థం కాలేదని లెక్క. జవాబు వెతకడం అప్పుడే మొదలుపెట్టొద్దు.

సైన్సు: "ఎందుకు" అంటే గొలుసు కావాలి

బీఎస్సీ కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్ వాళ్లకు: పామాయిల్ గెలల్ని కోసిన 24 గంటల్లోపు ఫ్యాక్టరీకి చేర్చాలంటారు. కారణం వివరించండి.

ఎక్కువమంది రాసేది "ఆలస్యమైతే గెలలు పాడవుతాయి, నూనె నాణ్యత తగ్గుతుంది" అని. ఇది తప్పేం కాదు, కానీ ప్రశ్ననే మళ్లీ చెప్పినట్టయింది. రైతుకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. కాలేజీ అడిగేది దాని వెనకున్న గొలుసు. పండు గుజ్జులో నూనెతోపాటు లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పండు కణాలు చెక్కుచెదరనంత వరకు రెండూ వేర్వేరుగా ఉంటాయి. గెల కోసి ట్రాక్టర్లో వేసినప్పుడు, దించినప్పుడు పండ్లు నలుగుతాయి, కణాలు చిట్లుతాయి, లైపేజ్ నూనెను చేరుతుంది. ట్రైగ్లిజరైడ్లు నీటితో చర్య పొంది ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలుగా, గ్లిసరాల్‌గా విడిపోతాయి. ఆమ్లాల శాతం పెరిగినకొద్దీ శుద్ధి చేసేటప్పుడు నష్టం పెరుగుతుంది, ధర పడుతుంది. ఫ్యాక్టరీలో గెలల్ని ముందుగా ఆవిరిలో ఉడికించేది అందుకే. వేడికి ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది.

గొలుసులో ప్రతి లింకు దగ్గరా "అయితే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు రాని చోటు మీరు ఆగిన లైను. ఉదాహరణకు "వేడికి ఎంజైమ్ ఎందుకు ఆగుతుంది?" అన్న దగ్గర ఆగారా? మీకు రాంది పామాయిల్ పాఠం కాదు. ప్రోటీన్ నిర్మాణం అన్న పాఠం. వెళ్లి అది చదవండి.

ఇంజినీరింగు: కాగితం మీద మొదట యూనిట్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. లెక్క అంటే సూత్రం వెతుక్కోవడమే అన్న భ్రమ బీటెక్‌లో బాగా పాతుకుపోయింది. రంగనాయకసాగర్ సామర్థ్యం 3 టీఎంసీలు. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగంగా 2020 ఏప్రిల్‌లో దానిలోకి నీళ్లు వదిలారు. పంప్‌హౌస్‌లో 134 మెగావాట్ల స్థాయి మోటార్లు నాలుగున్నాయి. దాన్ని ఆధారం చేసుకుని ఒక ప్రశ్న తయారు చేద్దాం: 1 టీఎంసీ నీటిని 100 మీటర్ల ఎత్తుకు పంపింగ్ చేయడానికి ఎన్ని యూనిట్ల కరెంటు కావాలి? పంపు, మోటారు కలిపి సామర్థ్యం 85 శాతం. ఈ 100 మీటర్లు, 85 శాతం లెక్క కోసం అనుకున్నవే, అక్కడి అసలు అంకెలు కావు.

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో 'హౌ టు సాల్వ్ ఇట్' అనే చిన్న పుస్తకంలో నాలుగు దశలు చెప్పాడు: ప్రశ్నను అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, అమలు చెయ్యి, వెనక్కి తిరిగి చూడు. మన పిల్లలు మూడోదాంతో మొదలుపెట్టి మూడోదాంతోనే ముగిస్తారు. మనం నాలుగూ చేద్దాం.

అర్థం చేసుకోవడం అంటే, ఇచ్చినవి ఎడమవైపు, కావాల్సింది కుడివైపు రాయడం, పక్కన యూనిట్లతో సహా. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. పేపర్లలో రోజూ చూసే మాటే, అయినా దాన్ని ఘనమీటర్లలోకి మార్చమంటే చెయ్యి ఆగిపోతుంది. ఒక అడుగు 0.3048 మీటర్లు. దాన్ని మూడుసార్లు గుణిస్తే ఒక ఘనపుటడుగు 0.0283 ఘనమీటర్లు. అప్పుడు 1 టీఎంసీ 2.83 కోట్ల ఘనమీటర్లు. ఘనమీటరు నీళ్లు వెయ్యి కిలోలు కనుక బరువు 2,830 కోట్ల కిలోలు.

ఉపాయం: పైకి ఎత్తడానికి కావాల్సిన శక్తి అంటే ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు మూడింటి లబ్ధం. ఇంటర్ ఫిజిక్సే, కొత్తదేమీ లేదు.

అమలు: 2.83×10¹⁰ ని 9.81తో, 100తో గుణిస్తే సుమారు 2.78×10¹³ జౌళ్లు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్, 36 లక్షల జౌళ్లు. భాగిస్తే 77 లక్షల యూనిట్లు. ఇప్పుడు సామర్థ్యం. ఇక్కడే చాలామంది 0.85తో గుణించి 65 లక్షలని రాసేస్తారు. ఆగి ఆలోచించండి. సామర్థ్యం తక్కువైన పంపుకు కరెంటు ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా? ఎక్కువే. అంటే భాగించాలి. 77.1ని 0.85తో భాగిస్తే దాదాపు 91 లక్షల యూనిట్లు.

వెనక్కి తిరిగి చూడ్డం అందరూ ఎగ్గొట్టే దశ. 134 మెగావాట్ల మోటారు పూర్తి లోడు మీద గంటకు 1.34 లక్షల యూనిట్లు తాగుతుంది. 91 లక్షల్ని దాంతో భాగిస్తే దాదాపు 68 గంటలు. నాలుగు మోటార్లూ కలిసి నడిస్తే సుమారు 17 గంటలు. ఒక టీఎంసీకి అంత సమయం అనేది నమ్మదగ్గ సంఖ్యే. అదే మీ జవాబు 91 వేల యూనిట్లని వచ్చి ఉంటే, ఒక్క మోటారు 41 నిమిషాల్లో టీఎంసీ ఎత్తేసినట్టు. లెక్కలో ఎక్కడో రెండు సున్నాలు జారిపోయాయని అప్పుడు తెలుస్తుంది. క్యాలిక్యులేటర్ ఈ సంగతి చెప్పదు.

ఈ లెక్కలో సూత్రం ఒక్క లైను. మిగతా కష్టమంతా యూనిట్లది, గుణించాలా భాగించాలా అన్నదానిది. మార్కులు పోయేదీ అక్కడే.

కామర్సు: అడిగింది ఏ గడువు?

బీకాం, బీబీఏ వాళ్లకు అదే పామాయిల్ తోట. మొక్క నాటాక పంట చేతికి రావడం నాలుగో ఏడు నుంచి మొదలవుతుంది. అంటే డబ్బు ముందు పోతుంది, వెనకాల వస్తుంది. పెట్టుబడి లెక్కలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పంట లేదు.

ఇలా అనుకుందాం. ఎకరం మీద ఇవాళ పెట్టుబడి లక్ష రూపాయలు. మొదటి మూడేళ్లు రాబడి సున్నా. నాలుగో ఏడాది నికరంగా 40 వేలు, ఐదో ఏడాది 80 వేలు, ఆరో ఏడాది 80 వేలు. అంకెలు పాఠం కోసమే. సబ్సిడీలు, అంతరపంటలు, ఏటేటా ఎరువుల ఖర్చు అన్నీ కలిపితే అసలు లెక్క వేరే ఉంటుంది. ప్రశ్న: పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగొస్తుంది?

నాలుగో ఏడాది చివరికి 40 వేలు వచ్చాయి, ఇంకా 60 వేలు రావాలి. ఐదో ఏడాది 80 వేలల్లో 60 అంటే ముప్పాతిక వంతు. జవాబు 4.75 ఏళ్లు. ఇది పేబ్యాక్ పీరియడ్.

ఇప్పుడు ప్రశ్నలో "డిస్కౌంటెడ్" అన్న ఒక్క మాట, పక్కన "10 శాతం" అని ఉందనుకోండి. నాలుగేళ్ల తర్వాత వచ్చే రూపాయి ఇవాళ్టి 68.3 పైసలు. ఐదేళ్లకు 62.1 పైసలు, ఆరేళ్లకు 56.4. అప్పుడు 40 వేలు 27,320 అవుతాయి, 80 వేలు 49,680 అవుతాయి. రెండూ కలిపితే 77,000. ఐదేళ్లకు కూడా లక్ష పూడలేదు, ఇంకా 23,000 లోటు. ఆరో ఏడాది 80 వేల విలువ 45,120. అందులో 23,000 అంటే సగం పైచిలుకు. జవాబు సుమారు 5.5 ఏళ్లు.

ఒక్క మాట తేడాతో జవాబు తొమ్మిది నెలలు జరిగింది. కామర్సు ప్రశ్నల్ని గబగబా చదివేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పట్టిక వేసేటప్పుడు మొదటి వరసలోనే సంవత్సరం, నికర రాబడి, ఫ్యాక్టర్, ప్రస్తుత విలువ, కూడిక అని ఐదు గళ్లు గీయండి. ఎక్కడో కూడిక తప్పినా, పద్ధతి కనబడితే దిద్దేవాళ్లకు మార్కులు వేయడానికి చోటుంటుంది. చివర ఒక వాక్యం రాయండి: ఆ రైతుకు ఐదున్నరేళ్లు ఆగే స్తోమత లేకపోతే ఇది మంచి పెట్టుబడి కాదని. మేనేజ్‌మెంట్ పేపర్లలో ఈ వాక్యం లేని జవాబు సగమే.

చరిత్ర: నలభై టన్నుల బండ ఏం చెబుతుంది?

బీఏ ప్రశ్నలకు సూత్రాలుండవు కాబట్టి సులువనుకుంటారు. నిజానికి ఇవే కష్టం. ఎందుకంటే ఆగిన లైను కంటికి కనబడదు. పేజీలు నిండుతూనే ఉంటాయి, ప్రశ్న మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది.

ప్రశ్న: తెలంగాణలో బృహత్‌శిలాయుగపు సమాధుల ఆధారంగా ఆనాటి సమాజాన్ని విశ్లేషించండి.

క్రియ "విశ్లేషించండి". వర్ణించమని అడగలేదు. సమాధుల రకాలన్నీ జాబితా వేసి, ఏ జిల్లాలో ఎక్కడెక్కడ దొరికాయో రాస్తే అది "వర్ణించండి"కి జవాబు. విశ్లేషణలో ప్రతి పేరాకూ మూడు పొరలుండాలి: ఒక మాట అనడం, దానికి ఆధారం చూపడం, ఆధారం నుంచి ఆ మాట ఎలా వచ్చిందో చెప్పడం. నాలుగోది రాయగలిగితే ఇంకా మంచిది, ఆ ఆధారం ఎంతవరకు మోస్తుందో చెప్పడం.

మన దగ్గరే చూడండి. ఊళ్లల్లో రాకాసి గుళ్లనీ పాండవుల గుళ్లనీ పిలిచే పెద్ద బండల నిర్మాణాలు ఆ కాలపు సమాధులు. నర్మెట, పాలమాకులల్లో 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. నర్మెటలో ఒక సమాధి మీది కప్పుబండ బరువు 40 టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని లేపడానికి భారీ క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. ఈ ఒక్క బండ మీద ఒక పేరా రాద్దాం:

"బృహత్‌శిలాయుగపు సమాజానికి పెద్ద సంఖ్యలో మనుషుల్ని ఒక పనికి కూడగట్టే శక్తి ఉంది. నర్మెట సమాధి కప్పుబండ సుమారు 40 టన్నులు. ఒక కుటుంబమో నాలుగు కుటుంబాలో కలిసి కదిలించగల బరువు కాదది. బండను తొలవడానికి, లాగడానికి, గొయ్యి మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి నేర్పున్నవాళ్లు, ఆ పని జరిగినన్ని రోజులు అంతమందికి తిండి పెట్టగల మిగులు పంట కావాలి. అయితే ఈ సమాధి ఒక పెద్ద మనిషిదా, ఒక వంశం మొత్తానిదా అన్నది బండ బరువుతో తేలదు. ఎముకలు, పక్కన పెట్టిన వస్తువులు చెప్పాలి."

అందమైన వాక్యాలేం కావు. కానీ మాట, ఆధారం, దారి, హద్దు నాలుగూ ఉన్నాయి. ఇలాంటి పేరాలు ఐదు రాస్తే పెద్ద ప్రశ్నకు జవాబు అయిపోతుంది: ఒకటి నలుపు-ఎరుపు మట్టిపాత్రల మీద, ఒకటి ఇనుప పనిముట్ల మీద, ఒకటి చనిపోయినవాళ్ల పక్కన వస్తువులు పెట్టే ఆచారం మీద, ఇలా.

చరిత్ర విద్యార్థి లెక్క వేయకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. గ్రానైట్ ఘనమీటరు సుమారు 2.7 టన్నులు. కాబట్టి 40 టన్నుల బండ దాదాపు 15 ఘనమీటర్లు. నేల మీద అలాగే ఈడ్చాలంటే, ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే 20 టన్నుల బలం కావాలి. ఒక మనిషి 30 కిలోల బలంతో లాగుతాడనుకుంటే ఆరు వందల మందికి పైగా తాళ్లు పట్టాలి. దుంగల మీద దొర్లిస్తే ఆ సంఖ్య చాలా పడిపోతుంది. ఈ అంచనా పరీక్షలో రాసినా రాయకపోయినా, "పెద్ద సంఖ్యలో మనుషులు" అన్న మాట ఇక మీకు గాలిమాట కాదు.

మూడో పని: ఆగిన చోటు చూపించి అడగండి

ఇంతవరకు ఒంటరిగా చేసింది. ఇక అడగడం. క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజులు బోలెడు: "సార్ పంప్స్ ప్రాబ్లమ్ అర్థం కాలేదు, ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్." దీనికి జవాబు రాదు, వచ్చినా పుస్తకం పేజీ నంబరే వస్తుంది. అదే మెసేజ్ ఇలా పెట్టి చూడండి:

"నమస్తే సార్. పంపు లెక్కలో 1 టీఎంసీని 2.83×10⁷ ఘనమీటర్లుగా మార్చాను. శక్తి 2.78×10¹³ జౌళ్లు వచ్చింది. 85 శాతం సామర్థ్యాన్ని గుణించాలా భాగించాలా అన్న దగ్గర ఆగాను. పంపులో కొంత శక్తి వృథా అవుతుంది కనుక భాగించాలి అనుకుంటున్నాను. సరేనా సార్? నేను చేసిన కాగితం ఫొటో పెడుతున్నాను."

ఇందులో చేసిందేమిటి, ఆగిందెక్కడ, తన ఊహ ఏమిటి అన్నీ ఉన్నాయి. సారు "సరే" అని రెండక్షరాలు కొట్టినా పని అయిపోతుంది. ఇంకో సంగతి: ఇలా రాయడానికి కూర్చున్నప్పుడు సగం డౌట్లు పంపకముందే తీరిపోతాయి.

ఎదురుగా వెళ్లి అడిగేటప్పుడు క్లాసు అయిపోయి బయటికి నడుస్తున్న మనిషిని పట్టుకోవద్దు. ఊరి నుంచి బస్సుకు వచ్చిపోయేవాళ్లకు సాయంత్రం ఆగడం కుదరదు. కాబట్టి ఖాళీ పీరియడ్ ఎప్పుడుందో ముందే అడిగి పెట్టుకోండి. నోట్‌బుక్ తెరిచి, ఆగిన లైను మీద వేలు పెట్టి చూపించండి. "ఏందిరా, ఎక్కడ ఆగింది?" అని అడిగిన సారుకు "గిక్కడ సార్" అని చూపగలిగితే చాలు. ఇంగ్లిష్‌లో అడగలేమని మొహమాటపడి డౌట్లు దాచుకునే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. జవాబు ఇంగ్లిష్‌లో రాస్తే చాలు. ప్రశ్న తెలుగులో అడగండి.

నోట్‌బుక్ వెనక నాలుగు పేజీలు ఇందుకోసమే వదిలేయండి. తేదీ, ఆగిన లైను, తర్వాత తెలిసిన జవాబు. పరీక్ష ముందు రోజు యూనిట్లన్నీ తిరగేయడం కన్నా ఆ నాలుగు పేజీలు చదవడం ఎక్కువ మేలు చేస్తుంది.

నాలుగో పని: పుస్తకాలు, వీడియోలు, చాట్‌బాట్‌లు

తెలుగులో చదివితే పాఠం తొందరగా పట్టుబడుతుంది అనుకునేవాళ్లకు తెలుగు అకాడమి పుస్తకాలున్నాయి. 1968లో విద్యామంత్రిగా పి.వి. నరసింహారావు చొరవతో పుట్టిన సంస్థ అది. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకాలు ఇంకా మేలు. ఎదురుగా లెక్చరర్ లేకుండా చదువుకునేవాళ్ల కోసం రాసినవి కాబట్టి, పాఠం నెమ్మదిగా నడుస్తుంది. ఇంజినీరింగుకు ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితం. వీడియో మొత్తం చూడొద్దు. ఆగిన లైను ఏదో తెలిస్తే దానికి సంబంధించిన పది నిమిషాలు చాలు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పుస్తకాలు, పాత పేపర్లు వెతుక్కోవచ్చు.

చాట్‌బాట్‌ల మాటా చెప్పాలి. అందరి ఫోన్లో ఉన్నాయి, వాడొద్దంటే ఎవరూ వినరు. ప్రశ్న అతికించి జవాబు దించుకుంటే అసైన్‌మెంట్ పూర్తవుతుంది కానీ మిడ్‌లో అదే ప్రశ్నకు చెయ్యి కదలదు. దాన్ని ఇలా వాడండి: మీ జవాబు మొత్తం టైప్ చేసి, "తప్పు ఏ మెట్టులో ఉందో చెప్పు, జవాబు చెప్పొద్దు" అనండి. లెక్కల్లో అది ఒక్కోసారి యూనిట్లు తారుమారు చేస్తుంది. చరిత్రలో లేని పుస్తకాలకు పేర్లు, లేని తవ్వకాలకు తేదీలు కూడా నిబ్బరంగా చెప్పేయొచ్చు. నర్మెట గురించి అది చెప్పిన ఏ అంకెనూ అచ్చు పుస్తకంలోనో పురావస్తు శాఖ నివేదికలోనో చూడకుండా జవాబులో పెట్టొద్దు.

పరీక్ష హాల్లో

మూడు గంటల పేపర్లో మొదటి పది నిమిషాలు ప్రశ్నల మీద పెన్సిల్‌తో క్రియలకు గీతలు గీయడానికే ఖర్చు పెట్టండి. పక్కవాళ్లు అప్పటికే రెండో పేజీలో ఉంటారు, కంగారు పడొద్దు. మార్కుల్ని బట్టి సమయం పంచుకోండి. ఆర్22 పేపర్లో 60 మార్కులకు 180 నిమిషాలు, అంటే మార్కుకు మూడు నిమిషాలు. పది మార్కుల ప్రశ్న అరగంట దాటుతోందంటే అక్కడ ఆపి, నాలుగు లైన్ల ఖాళీ వదిలి, తర్వాతదానికి వెళ్లండి.

నంగునూరు మండలం కోనాయిపల్లి వేంకటేశ్వరస్వామి గుడిలో నామినేషన్ పత్రాలు పెట్టి పూజ చేయించడం కేసీఆర్‌కు ప్రతి ఎన్నికకూ ఆనవాయితీ. హాల్‌టికెట్ తీసుకెళ్లి పెట్టేవాళ్లూ పెట్టొచ్చు, అడ్డేం లేదు. ప్రశ్న చదవాల్సింది మాత్రం మనమే.

ఇవాళ సాయంత్రం మీ పాత పేపర్లలోంచి ఒక్క పెద్ద ప్రశ్న తీసుకోండి. క్రియ కింద గీత గీసి, తెలుగులో ఒక్క వాక్యం రాసి, చేయగలిగినంత దూరం చేయండి. ఆగిన లైను పక్కన చుక్క పెట్టి, రేపు ఖాళీ పీరియడ్‌లో ఆ కాగితం పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కు వెళ్లండి.